క్రిస్మస్ రాత్రి తలుపు తట్టేవాళ్లు

నేను జీవితంలో మొదటిసారి ఒళ్లు చల్లబడిపోయేంత భయపడింది క్రిస్మస్ తాతని చూసి.

గుంటూరుకి దగ్గర్లో చిన్న ఊరు మాది. డిసెంబర్ వచ్చిందంటే మా చర్చి సంఘంలో యూత్ వాళ్లంతా కలిసి రాత్రిళ్లు ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్‌కి బయల్దేరేవాళ్లు. ఓ డోలకు, రెండు కంజీరలు, ఒక బ్యాటరీ లైటు, అందరి మెడకీ మఫ్లర్లు. మా వీధికి వచ్చేసరికి పన్నెండు దాటేది. అమ్మ ఫ్లాస్కులో టీ పోసి ఉంచేది, పళ్లెంలో కజ్జికాయలు, కేకు ముక్కలు సర్ది పైన ఇంకో పళ్లెం బోర్లించేది. నేనూ తమ్ముడూ నిద్ర ఆపుకుంటూ దుప్పట్లో కూర్చుని, దూరంగా పాట వినపడుతోందా లేదా అని చెవులు రిక్కించేవాళ్లం. పాట దగ్గరికొచ్చే కొద్దీ గుండె కొట్టుకోవడం ఎక్కువయ్యేది. ఆ తర్వాత తలుపు దబదబా బాదేవాళ్లు, నాన్న లేచి గడియ తీసేవాడు.

నాకు నాలుగేళ్లో ఐదేళ్లో. తలుపు తెరవగానే అందరికంటే ముందు లోపలికి వచ్చింది ఎర్ర కోటు వేసుకున్న మనిషి. దూది గడ్డం, గులాబి బుగ్గల ప్లాస్టిక్ మాస్కు, ఆ మాస్కుకి రెండు కన్నాలు, ఆ కన్నాల వెనక కదులుతున్న నిజం కళ్లు. మాస్కు నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం ఊరికే నన్ను చూస్తున్నాయి. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు, అమ్మ నన్ను ముందుకి నెట్టి "తాతకి షేక్ హ్యాండ్ ఇవ్వమ్మా, చాక్లెట్ ఇస్తాడు" అంటోంది. వీధి వీధంతా లేచేలా ఏడ్చానని ఇప్పటికీ చెబుతారు. మరుసటేడు కూడా భయపడ్డాను గానీ, తల వంచుకుని నిలబడటం వల్ల ఈసారి తాత కాళ్లు కనిపించాయి. ఎడమకాలి హవాయి చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. ఆ చెప్పు మా మావయ్యది.

టొరంటోలో స్థిరపడిన ఇన్నేళ్లకి, ప్రతి డిసెంబర్‌లో క్రిస్మస్ చుట్టూ అల్లిన హారర్, ఫాంటసీ సినిమాలు వరసపెట్టి చూడటం నాకు అలవాటైపోయింది. మంచివీ చూస్తాను, చెత్తవీ చూస్తాను. ఫోన్లో ఈ మాట చెబితే అమ్మ బాధపడుతుంది. "పుట్టిన పండగ పూట దయ్యాల సినిమాలేంటమ్మా" అంటుంది. ఇక్కడ మా తెలుగు ఫెలోషిప్‌లో, అంటే ప్రార్థనకి కలిసే బృందంలో, పెద్దవాళ్లదీ అదే మాట. వాళ్లకి జవాబు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. అలాగే, అవతలి వైపు, శాంటా చేతికి గొడ్డలి ఇచ్చేస్తే చాలు క్రిస్మస్ హారర్ అయిపోతుందనుకునే సినిమావాళ్ల మీద నాకు కోపం కూడా ఉంది. ఈ రెండూ నిజానికి ఒకే తగాదా అని నా నమ్మకం.

ముందు అమ్మకి జవాబు. లూకా సువార్త రెండో అధ్యాయం మనం ప్రతి ఏడూ చదువుతాం. రాత్రివేళ పొలంలో గొర్రెల్ని కాచుకుంటున్న వాళ్ల దగ్గరికి దూత వచ్చి నిలబడితే ఏమైంది? "వారు మిక్కిలి భయపడిరి." సంతోషకరమైన కబురు చెప్పడానికి వచ్చిన దూత నోట్లోంచి వచ్చిన మొదటి మాట "భయపడకుడి". మత్తయి రాసినదాంట్లో అయితే హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ల లోపు మగపిల్లలందర్నీ చంపిస్తాడు, ఒక కుటుంబం బిడ్డని ఎత్తుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకి పారిపోతుంది. సండే స్కూల్ నాటికల్లో హేరోదు వేషం వేసిన కుర్రాడికి కాటుక మీసం దిద్ది, రెండు కేకలు వేయించి పంపించేస్తాం గానీ, అక్కడ ఉన్నది మాత్రం చంటిపిల్లల తల్లుల ఏడుపు. ఇంత చీకటి ఈ పండగలో మొదట్నుంచీ ఉంది, బయటినుంచి ఎవరో తెచ్చి పులిమింది కాదు.

ఇంగ్లండులో అయితే క్రిస్మస్‌కి దయ్యం కథ చెప్పుకోవడం అసలైన ఆచారం. చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్' 1843 డిసెంబర్ 19న వచ్చింది, తొలి ముద్రణ 6,000 ప్రతులు పండగ లోపే అయిపోయాయి. దానికి 'క్రిస్మస్ దయ్యం కథ' అనే అర్థంలోనే ఆయన ఉపశీర్షిక పెట్టుకున్నాడు. ఆ తర్వాతి తరంలో ఎం.ఆర్. జేమ్స్ అనే పండితుడు కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో పండగ రోజుల్లో స్నేహితుల్ని కూర్చోబెట్టి కొవ్వొత్తి వెలుగులో తను రాసిన దయ్యం కథలు చదివి వినిపించేవాడు. 1971 నుంచి ఐదేళ్ల పాటు బీబీసీ ఆ కథల్ని ఏటా క్రిస్మస్‌కి చిన్న సినిమాలుగా తీసి చూపించింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. డిసెంబర్‌లో అక్కడ రాత్రి పొడుగు. నేను ఉండే టొరంటోలోనే సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది. మన ఊళ్లో చలిమంట చుట్టూ కూర్చుంటే కబుర్లు తిరిగి తిరిగి చింతచెట్టు మీద దయ్యం దగ్గరికే ఎందుకు వస్తాయో ఇదీ అందుకే.

డికెన్స్ పుస్తకంలో ఒక పిసినారి ముసలాయన దగ్గరికి, చచ్చిపోయిన ఆయన వ్యాపార భాగస్వామి మార్లీ దయ్యమై వస్తాడు, తల చుట్టూ కట్టుకున్న గుడ్డ విప్పగానే కింది దవడ ఊడి గుండెల మీదకి జారుతుంది. క్రిస్మస్ ఆత్మ తన అంగీ కింద దాచిన ఇద్దరు పిల్లల్ని చూపిస్తుంది, ఎండిపోయి, గోళ్లు పెరిగి, జంతువుల్లా ఉన్న పిల్లల్ని, ఒకరి పేరు అజ్ఞానం, ఇంకొకరి పేరు లేమి. ఈ కథని సినిమాగా తీసిన వాళ్లకి లెక్కలేదు, కానీ ఆ దవడనీ ఆ పిల్లల్నీ వదిలేసిన సినిమాలు ఎన్నో. అవి తీసేశాక మిగిలేది ఓ పిసినారి ముసలాయన మంచివాడైపోయిన ముచ్చట. ఆయన ఎందుకు మారాడో మనకి అర్థం కాదు, ఎందుకంటే ఆయన్ని మార్చిన భయాన్ని మనకి చూపించలేదు.

క్రిస్మస్ భయం సినిమా అంటే ఎలా ఉండాలో చెప్పమంటే నేను మొదట చూపించేది పూర్తి సినిమా కూడా కాదు, 1972లో వచ్చిన 'టేల్స్ ఫ్రం ది క్రిప్ట్' అనే బ్రిటిష్ సినిమాలో పది పన్నెండు నిమిషాల ముక్క. క్రిస్మస్ రాత్రి ఒకావిడ, జోన్ కాలిన్స్ వేసింది ఆ పాత్ర, భర్త తల మీద కొట్టి చంపేస్తుంది. అదే సమయానికి రేడియోలో వార్త, పిచ్చాసుపత్రి నుంచి ఒక హంతకుడు శాంటా వేషంలో తప్పించుకున్నాడని. వాడు వీళ్ల కిటికీ దగ్గరికే వస్తాడు. ఆవిడ పోలీసుల్ని పిలవలేదు, హాల్లో శవం ఉంది కదా. తలుపులన్నీ బిగించుకుంటుంది, శవాన్ని మెట్ల మీంచి పడ్డట్టు సర్దుతుంది, రక్తం తుడుస్తుంది. చివరికి చూస్తే మేడ మీద నిద్రపోవాల్సిన కూతురు కిందికి దిగి, అమ్మా ఎవరొచ్చారో చూడు అని సంబరంగా వాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తుంది.

ఆ పాపలో నాకు నేనే కనబడతాను. మా అమ్మ ముందుకి నెట్టిన పిల్లని నేను, ఈ పాప తనే ఎదురెళ్లింది, అంతే తేడా. ఏడాదిలో మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ తెలియనివాళ్లకి తలుపు తియ్యొద్దని పిల్లలకి చెప్పి, ఒక్క రాత్రి మాత్రం ముఖం కనపడని మనిషి ఇంట్లోకి వస్తాడు, నువ్వు నిద్రపో, వాడు ఏదో పెట్టి వెళతాడు అని చెబుతాం. ఈ ముక్కలోంచి క్రిస్మస్ తీసేస్తే ఏం మిగలదు. పాప తలుపు తియ్యదు, కథ ముగియదు. నేను ప్రతి సినిమాకీ పెట్టుకునే పరీక్ష ఇదే. పండగని తీసేసి చూడాలి. కథ కూలిపోతే అది క్రిస్మస్ సినిమా. కూలకపోతే లైటింగ్ సీరీస్ వేలాడదీసిన మామూలు సినిమా.

ఈ పరీక్షలో అన్నిటికంటే గట్టిగా నిలబడేది 1974లో వచ్చిన 'బ్లాక్ క్రిస్మస్'. బాబ్ క్లార్క్ తీశాడు. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే నేను దీన్ని చూసిన తీరు కూడా మర్చిపోలేనిది. టొరంటో వచ్చిన మొదటి ఏడాది, చదువుకునే రోజులు. బేస్‌మెంట్‌లో ముగ్గురం అమ్మాయిలం అద్దెకుండేవాళ్లం. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, మిగతా ఇద్దరూ అమెరికాలో బంధువుల దగ్గరికి వెళ్లిపోయారు, పైన ఇంటివాళ్లూ ఊరెళ్లారు. నాకు టికెట్‌కి డబ్బుల్లేవు. మొత్తం ఇంట్లో నేనొక్కదాన్నే, హీటర్ ఆన్ అయినప్పుడల్లా పైపుల్లో ఏదో నడిచినట్టు చప్పుడు. అలాంటి రాత్రి లాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టుకున్నాను. దీన్ని టొరంటోలోనే తీశారని అప్పుడు నాకు తెలియదు, కానీ ఆ మంచు, ఆ మెట్లు, ఆ వీధులు నేను రోజూ నడిచేవాటిలాగే ఉన్నాయేంటి అనిపించింది.

కథ కూడా సెలవులకి ఇళ్లకి వెళుతున్న కాలేజీ అమ్మాయిల ఇంట్లోనే. మొదటి నిమిషాల్లోనే ఎవడో గోడ పట్టుకుని ఎక్కి అటకలో దూరతాడు. వాడి కళ్లతోనే మనం చూస్తాం, వాడు మాత్రం మనకి కనపడడు. ఇంటికి ఫోన్లు వస్తుంటాయి, బూతులు, ఏడుపు, ఒకే గొంతులోంచి నలుగురు మాట్లాడుతున్నట్టు. క్లేర్ అనే అమ్మాయి బ్యాగు సర్దుకుంటుంటే వాడు ప్లాస్టిక్ కవరు ముఖానికి చుట్టి చంపి, అటకలో వాలుకుర్చీలో కూర్చోబెడతాడు. మరుసటి రోజు వాళ్ల నాన్న కూతుర్ని తీసుకెళ్లడానికి వస్తాడు. చెప్పిన చోట, చెప్పిన టైముకి నిలబడి ఎదురుచూస్తాడు. ఆ తర్వాత సినిమా అంతా ఆ పెద్దాయన టోపీ చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ, పోలీస్ స్టేషనూ తిరుగుతూనే ఉంటాడు. కూతురు అదే ఇంటి అటకలో ఉంది, కిటికీలోంచి కనపడేంత దగ్గర్లో ఉంది. సినిమా అయిపోయేదాకా ఆ సంగతి ఆయనకి తెలియదు. నాకు ఆ హంతకుడి కంటే ఈ నాన్న ఎక్కువ నిద్రపట్టనివ్వలేదు. ఆ రాత్రి మా నాన్నకి ఫోన్ చేశాను, ఇండియాలో అప్పటికి తెల్లారింది, "ఏమ్మా, ఇంత రాత్రప్పుడు, ఒంట్లో బానే ఉందా" అన్నాడు. బానే ఉంది నాన్నా, ఊరికే చేశాను అన్నాను.

ఇక క్యారల్స్ సీను. ఒలీవియా హసీ వేసిన జెస్ తలుపు తీసి గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఎదురుగా చిన్నపిల్లలు వరసగా నిలబడి పాడుతుంటారు. అంతకన్నా అందమైన దృశ్యం ఇంకోటి ఉండదు. మేడ మీద గదిలో అదే నిమిషంలో జెస్ స్నేహితురాలు బార్బ్‌ని వాడు గాజుతో చేసిన ఒంటికొమ్ము గుర్రం బొమ్మతో పొడుస్తుంటాడు. ఆమె అరుపు పాటలో కలిసిపోతుంది. పిల్లలు ఇంకా బాగా పాడుతున్నారు, జెస్ ముఖం మీద నవ్వు. పాట ఆగి ఉంటే వినపడేది. పండగ సందడి చేసే పనుల్లో ఇదీ ఒకటి, పక్కగదిలో ఎవరు కేక పెట్టినా వినపడనివ్వదు. క్రిస్మస్ రోజున ఎన్ని ఇళ్లలో ఎవరెవరు నోరు నొక్కుకుని కూర్చుంటారో నాకు తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు.

ఆ కాల్ ఎక్కడ నుంచి వస్తోందో పట్టుకోవడానికి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ ఉద్యోగి బీరువాల్లాంటి స్విచ్చుల వరసల మధ్య పరిగెత్తే సీను, సంగీత దర్శకుడు కార్ల్ జిట్రర్ పియానో తీగలకి ఫోర్కులూ దువ్వెనలూ కట్టి రాబట్టిన ఆ వింత శబ్దాలు, ఇవన్నీ ఇంకో రోజు మాట్లాడుకోవాల్సినవి. ఒక్కటి మాత్రం చెప్పాలి. హంతకుడు ఒక్కొక్కర్నీ వేటాడి చంపే సినిమాల్లో పేరున్న జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' 1978లో వచ్చింది, ఇది దానికి నాలుగేళ్ల ముందే ఆ దారి వేసింది. ఇంకో విశేషం, ఇదే బాబ్ క్లార్క్ 1983లో 'ఎ క్రిస్మస్ స్టోరీ' తీశాడు, అమెరికాలో ఇప్పటికీ పండగ రోజు టీవీలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా అది. పండగ మీద ప్రేమ లేని మనిషి ఆ క్యారల్స్ సీను తీయలేడనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 2006లో, 2019లో 'బ్లాక్ క్రిస్మస్' పేరుతో మళ్లీ తీశారు. 2006లో వచ్చిన దాంట్లో హంతకుడికి చిన్నతనం, తల్లి, గతం అంతా వివరించారు. అటకలో ఎవరున్నారో తెలిసిపోయాక అటకంటే భయం ఏముంటుంది?

ఇప్పుడు కోపం వైపు వస్తాను. 1984 నవంబర్ 9న 'సైలెంట్ నైట్, డెడ్లీ నైట్' విడుదలైంది. శాంటా వేషంలో గొడ్డలి పట్టుకున్న హంతకుడి ప్రకటన టీవీలో చూసి తల్లిదండ్రులు థియేటర్ల ముందు ధర్నా చేశారు, సినిమా విమర్శకులు జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ టీవీలోనే ఆ సినిమావాళ్లని తిట్టిపోశారు, చివరికి పంపిణీ సంస్థ ట్రైస్టార్ దాన్ని వెనక్కి తీసుకుంది. నాకు ఆ తల్లిదండ్రుల బాధ అర్థమవుతుంది, కానీ వాళ్లు తప్పు విషయానికి గొడవపడ్డారని నా అభిప్రాయం. ఆ సినిమా మొదటి అరగంటలో చాలా నిజమైన సంగతి ఉంది. బిల్లీ అనే చిన్న పిల్లాడికి ఆసుపత్రిలో ఉన్న తాత చెబుతాడు, శాంటా మంచి పిల్లలకి బహుమతులిస్తాడు, చెడ్డ పిల్లల్ని శిక్షిస్తాడు అని. ఆ రాత్రే వాడి కళ్లముందు శాంటా వేషంలో ఉన్న దొంగ అమ్మానాన్నల్ని చంపేస్తాడు. తర్వాత అనాథాశ్రమంలో మదర్ సుపీరియర్ వాణ్ణి కొట్టి కొట్టి శిక్ష మంచిదని నేర్పుతుంది. పెద్దయ్యాక బొమ్మల కొట్లో పనికి చేరితే యజమాని వాడికే ఆ ఎర్ర కోటు తొడుగుతాడు. మంచివాళ్ల పట్టీ, చెడ్డవాళ్ల పట్టీ అని మనం నవ్వుతూ చెప్పే మాట దెబ్బతిన్న పిల్లాడి బుర్రలో ఎలా నాటుకుంటుందో చెప్పే కథ చేతికి అందింది. దాన్ని పట్టుకుని ఏం చేశారు? మిగతా గంటలో అమ్మాయిల ఒంటి మీద బట్టలు తీయించి వరసగా చంపుకుంటూ పోయారు. ధర్నా చేయాల్సింది దాని మీద.

ఇలాంటివి చాలా ఉన్నాయి. మంచుబొమ్మ హంతకుడైన 1997 నాటి 'జాక్ ఫ్రాస్ట్' గురించి రెండో వాక్యం రాయబుద్ధి కావడం లేదు. 2024లో 'టెర్రిఫయర్ 3' వచ్చి బాగా ఆడింది, అందులో ఆర్ట్ అనే విదూషకుడు ఎర్ర కోటు వేసుకుని మనుషుల్ని నరుకుతాడు. మేకప్ పనితనం గొప్పది, కాదనను. కానీ ఆ కోటు విప్పి ఇంకో పండగ బట్టలు తొడిగినా ఒక్క సీనూ మారక్కర్లేదు. మన సినిమాల్లో కూడా దయ్యం కథలోకి చర్చి వచ్చిందంటే గంట మోగుతుంది, సమాధుల తోటలో పొగ లేస్తుంది, ఫాదర్ శిలువ పైకెత్తుతాడు, అంతే. అక్కడ మేం పాడుకునే పాట గానీ, పండగకి మేం పడే ఆరాటం గానీ ఏమీ ఉండదు. వేరేవాళ్ల పండగని సామానుగా వాడుకుంటే ఎలా ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

ఈ తప్పుని అందరికంటే బాగా పట్టుకున్నది ఒక బొమ్మల సినిమా. టిమ్ బర్టన్ కథకి హెన్రీ సెలిక్ దర్శకత్వం వహించిన 'ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్', 1993. బొమ్మల్ని కొంచెం కొంచెంగా కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసిన సినిమా. దయ్యాల పండగైన హాలోవీన్ ఊరి రాజు జాక్ అనే అస్థిపంజరం, దారితప్పి క్రిస్మస్ ఊరికి వెళ్లి మైమరచిపోతాడు. తిరిగొచ్చి గాజుగోళాల్ని ఉడకబెడతాడు, ఎలుగుబంటి బొమ్మని కోసి చూస్తాడు, లోపల ఏముందో తెలుసుకుందామని. ఎంత తవ్వినా దొరకదు. సరే పోనీ అని శాంటాని ఎత్తుకొచ్చి, అతని పని తనే చేయబోతాడు. పిల్లాడు పెట్టె విప్పితే ఎండిన తలకాయ, ఇంకో ఇంట్లో చెట్టుని మింగేసే పాము. జాక్‌కి చెడు ఉద్దేశం లేదు, ప్రేమతోనే చేశాడు. ఎర్ర కోటు తొడుక్కుంటే పండగ వచ్చేస్తుందనుకున్నాడు, నేను పైన తిట్టిన దర్శకుల్లో చాలామంది లాగే. డిస్నీ వాళ్లు అప్పట్లో దీన్ని తమ పేరు మీద విడుదల చేయడానికి జంకి, తమదే ఇంకో సంస్థ టచ్‌స్టోన్ పేరుతో తెచ్చారు. పిల్లలకి ఇంత మంచి పాఠం ఎవరూ చెప్పలేదు, దాన్నే దాచుకున్నారు.

ఐరోపాలో పాత నమ్మకాల్లోంచి వచ్చిన సినిమాలు ఇంకో రకం. ఆల్ప్స్ కొండల్లో, ముఖ్యంగా ఆస్ట్రియా, బవేరియాల్లో డిసెంబర్ 5 రాత్రి చెడ్డ పిల్లల్ని శిక్షించే కొమ్ముల రాక్షసుడు క్రాంపస్ గొలుసులు ఈడ్చుకుంటూ వస్తాడు. మైకేల్ డొహర్టీ 2015లో 'క్రాంపస్' తీశాడు. మొదటి సగం నాకు చాలా ఇష్టం. మూడు రోజులు భరించాల్సిన చుట్టాలు, భోజనాల బల్ల దగ్గర ఎత్తిపొడుపులు, పిల్లాడు శాంటాకి రాసిన ఉత్తరాన్ని కజిన్స్ అందరి ముందూ చదివి ఏడిపించడం, వాడు దాన్ని చింపి గాల్లోకి విసరడం, అక్కణ్ణుంచి కరెంటు పోవడం. జర్మన్ మాట్లాడే నానమ్మ ఒక్కదానికే ఏం జరగబోతోందో తెలుసు, ఆమె చిన్నతనం చెప్పే బొమ్మల ఘట్టం సినిమాకే ప్రాణం. కానీ అసలు ఆచారంలో క్రాంపస్ ఒంటరిగా రాడు. పక్కన సెయింట్ నికొలస్ ఉంటాడు, ఒకాయన బహుమతిస్తాడు, ఇంకొకడు బెత్తం ఆడిస్తాడు, నికొలస్ కనుసైగలో క్రాంపస్ ఉంటాడు. సినిమాలో నికొలస్‌ని తీసేశారు. ఆ నానమ్మ పక్కన ఒక్క సీన్లో నికొలస్ ఉండి ఉంటే సినిమా ఎక్కడికో వెళ్లేది. లేకపోయేసరికి రెండో సగం రాక్షసుల ఊరేగింపుగా మిగిలిపోయింది.

అదే ఫిన్లాండ్ నుంచి 2010లో వచ్చిన 'రేర్ ఎక్స్‌పోర్ట్స్' చూడండి. జల్మరి హెలాండర్ తీశాడు. ఫిన్నిష్‌లో శాంటాని యోలుపుక్కి అంటారు, ఆ మాటకి అర్థం పండగ మేక. దేశానికి ఉత్తరాన లాప్‌లాండ్‌లో రష్యా సరిహద్దు మీదున్న కొర్వతుంతురి కొండలో అతను ఉంటాడని వాళ్ల నమ్మకం. సినిమాలో ఎవరో కంపెనీవాళ్లు ఆ కొండని తవ్వుతారు. రెయిన్‌డీర్‌లు గుంపులుగా చచ్చి పడుంటాయి, ఆ ఏడాది రాబడి మొత్తం పోయిందని కాపరులు తల పట్టుకుంటారు, ఊళ్లో హీటర్లు, హెయిర్ డ్రయర్లు మాయమవుతాయి, తర్వాత పిల్లలు. తోడేలు కోసం తవ్విన గుంటలో బట్టల్లేని ముసలాడు పడతాడు. దీన్లో నాకు బాగా నచ్చింది ఆ కాపరులు. మేకపిల్ల చచ్చిపోతే మా ఊళ్లో రైతు ఎలా కూలబడతాడో అలాగే ఉంటారు, పండగ అంటే వాళ్లకి ముందు అప్పు ఎలా తీర్చాలన్న టెన్షన్. తల్లి లేని పిల్లాడు పియెటారి, తండ్రి మాటలు తక్కువైన మనిషి, ఆ ఇద్దరూ నిజజీవితంలోనూ తండ్రీకొడుకులే. ఒక్క లోపం, మొత్తం సినిమాలో ఆడవాళ్ల ఊసే లేదు. పిల్లలు మాయమైన ఊళ్లో తల్లులు కనబడకపోవడం నాకు మింగుడుపడలేదు.

భయం సినిమాలనే తిడుతున్నాను గానీ, ఫాంటసీల్లో ఇదే లోపం తిరగబడి ఉంటుంది. వాటిలో చాలావాటికి చీకటంటే భయం. 2004 నాటి 'పోలార్ ఎక్స్‌ప్రెస్' చూడండి, నటుల కదలికల్ని కంప్యూటర్లోకి ఎక్కించి తీసిన సినిమా, ఖర్చుకి వెనకాడలేదు, రైలు అద్భుతంగా ఉంటుంది. పిల్లల కళ్లలో మాత్రం జీవం లేదు. అంతకంటే ముఖ్యం, 'నమ్ము, నమ్ము' అని చెప్పడమే తప్ప, నమ్మకపోతే ఏం పోతుందో, నమ్మడానికి ఏం వదులుకోవాలో సినిమా చెప్పదు. దీని పక్కన ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' పెట్టండి. అందరూ దాన్ని తియ్యటి సినిమా అంటారు. అందులో క్రిస్మస్ రాత్రి జార్జ్ అనే మనిషి నదిలో దూకి చావడానికి వంతెన మీదికి వెళ్లాడు. దేవదూత అతనికి తను పుట్టని లోకాన్ని చూపిస్తాడు. జార్జ్ సొంత తల్లి ఇంటి తలుపు తడితే ఆవిడ సందులోంచి చూసి, నువ్వెవరో తెలియదు పొమ్మని తలుపు వేసేస్తుంది. తను కాపాడాల్సిన తమ్ముడు మంచు పగిలి నీళ్లలో మునిగి చచ్చిపోయి, సమాధి రాయి మీద పేరై ఉంటాడు. జార్జ్ కెమెరా వైపే నడిచొస్తాడు, ఆ ముఖం ఏ హారర్ సినిమాకీ తీసిపోదు. ఆ చలిలో నిలబడి వచ్చాం కాబట్టే చివర ఇంట్లో జనం చేరితే మనకి ఏడుపొస్తుంది. పైగా జార్జ్ వాళ్ల సంస్థ డబ్బు కొట్టేసిన పాటర్ అనే ధనికుడికి ఏ శిక్షా పడదు, సినిమా అయిపోయేసరికి ఆ 8,000 డాలర్లు వాడి దగ్గరే ఉంటాయి. కాప్రా అంత నిజాయితీపరుడు.

ఇక 'గ్రెమ్లిన్స్'. దీన్ని చివర్లో ఉంచుకున్నాను. జో డాంటే తీశాడు, 1984 జూన్‌లో, నడి ఎండాకాలంలో విడుదల చేశారు. వెలుతురు పడకూడదు, నీళ్లు తగలకూడదు, అర్ధరాత్రి దాటాక తిండి పెట్టకూడదు అనే మూడు నియమాలతో ఓ ముద్దొచ్చే జంతువుని కొడుక్కి బహుమతిగా తెస్తాడు తండ్రి, మూడూ తప్పుతారు, ఊరు ఊరంతా దయ్యపు పిల్లల పాలవుతుంది. వంటింట్లో తల్లి మిక్సీతో, మైక్రోవేవ్‌తో వాటిని చంపే సీను చూసి పిల్లలతో వచ్చిన పెద్దవాళ్లు గగ్గోలు పెట్టారు, ఈ సినిమాతో పాటు ఆ ఏడాది వచ్చిన ఇండియానా జోన్స్ సినిమా మీద కూడా అలాంటి గొడవే జరిగి, జులై నాటికి అమెరికాలో పదమూడేళ్ల లోపు పిల్లల కోసం హెచ్చరికగా కొత్త రేటింగే పెట్టారు. సినిమాలో తప్పులున్నాయి. ఆ జంతువు దొరికిన పొగ నిండిన కొట్టు, అక్కడి చైనా ముసలాయన, తూర్పుదేశాల మాయ, అవన్నీ ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

కానీ అందులో కేట్ అనే అమ్మాయి చెప్పే మాటలున్నాయి. తనకి క్రిస్మస్ ఎందుకిష్టం లేదో చెబుతుంది. తొమ్మిదేళ్లప్పుడు పండగ ముందురోజు నాన్న ఇంటికి రాలేదు. నాలుగైదు రోజులు గడిచాయి. చలికి తట్టుకోలేక మంట వేద్దామని వెళితే పొగగొట్టంలోంచి వాసన. పిల్లో పక్షో చచ్చిపడి ఉంటుందనుకుని ఫైర్ వాళ్లు వచ్చి లాగితే, ఎర్ర కోటులో నాన్న, చేతుల నిండా బహుమతులు. శాంటా లేడని నాకలా తెలిసింది అంటుంది. స్టూడియో వాళ్లు ఈ సీను తీసెయ్యమన్నారు, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదన్నారు. డాంటే వినలేదు. సినిమా నిర్మాణం వెనకున్న స్పీల్‌బర్గ్‌కి కూడా నచ్చలేదు గానీ దర్శకుడి మాటకి విలువిచ్చి ఉంచేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియకపోవడమే అందులో ఉన్న నిజం.

మా నాన్న ఒక అక్టోబర్‌లో పోయాడు. నేను వెళ్లి డిసెంబర్ దాకా ఊళ్లోనే ఉండిపోయాను. ఆ ఏడు మా ఇంటి మీద స్టార్ కట్టలేదు. క్యారల్స్ వాళ్లు మా గుమ్మం దగ్గరికి రావాలా వద్దా అని తటపటాయించారట, అమ్మే రమ్మని కబురు చేసింది. పాట దూరం నుంచి దగ్గరికొస్తుంటే నేను గడియ దగ్గర నిలబడ్డాను, ప్రతిసారీ తీసే మనిషి లేడు కాబట్టి. తలుపు తీసేసరికి మావయ్య ఎర్ర కోటులో ఉన్నాడు, అరవై దాటినా ఇంకా ఆయనే వేస్తున్నాడు ఆ వేషం. గేటు దగ్గరే మాస్కు తీసేసి చేతిలో పట్టుకున్నాడు. దూది గడ్డం మాత్రం సగం అతుక్కుని ఉంది. ఎవరూ డోలకు వాయించలేదు, పాట ఒక్కటే పాడి, ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లిపోయారు. కేట్ చెప్పింది ఏంటో నాకు ఆ రాత్రి తెలిసింది, అంతకుముందు చాలాసార్లు చూసినా.

పోయిన డిసెంబర్‌లో ఇక్కడ మా ఫెలోషిప్ వాళ్లు కార్లు వేసుకుని క్యారల్స్‌కి వస్తామని చెప్పారు. మా పాపకి ఐదేళ్లు. సాయంత్రం నుంచి కిటికీ దగ్గరే కూర్చుంది, బయట మంచు పడుతోంది, ఐదింటికే చీకటి.

"అమ్మా, మనకి చిమ్నీ లేదు కదా, తాత లోపలికెలా వస్తాడు?"

"తలుపు తడతాడు. మనమే తీస్తాం."

కాసేపు ఆలోచించి, నా చున్నీ కొస పట్టుకుని అడిగింది.

"తాతేనని తీసే ముందు ఎలా తెలుస్తుంది?"